పదకొండుతో ఆపేద్దామా?

పోయిన నెల మన సమితి సాహిత్య గోష్ఠిలో జరిగిన చర్చ గురించీ, ఆ వారంలోనే గ్రంథాలయ ఉపసంఘం చేసిన తీర్మానం గురించీ మాకు చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. గోష్ఠిలోనే లేచి చెప్పి ఉండవలసింది. కానీ మాలో ఒకరికి ఆ రాత్రి ఆన్‌కాల్, ఇంకొకరి ఒళ్లో నిద్రకొచ్చిన పిల్లవాడు. ఇది రాస్తున్న చెయ్యి ఒకటే అయినా, ఇంట్లో ఇద్దరమూ ఒకే మాట మీద ఉన్నాము కనుక ‘మేము’ అంటున్నాము. ఇద్దరమూ డాక్టర్లమే. ఈ చర్చకు కారణమైన పుస్తకాలను మొదటినుంచి చివరిదాకా చదివినవాళ్లమే. ఈ రెండో సంగతి ఎందుకు చెప్పుకుంటున్నామో ముందు ముందు తెలుస్తుంది.

గోష్ఠికి రానివారి కోసం జరిగింది చెబుతాము. మన గ్రంథాలయమంటే హాలు వెనక గదిలో రెండు బీరువాలు. ఒకదాంట్లో తెలుగు పుస్తకాలు, రెండోదాంట్లో పిల్లలు చదివే ఇంగ్లీషు పుస్తకాలు. ఆ రెండోదాంట్లో రాబర్ట్ జోర్డన్ రాసిన ‘వీల్ ఆఫ్ టైమ్’ నవలామాల 11 సంపుటాలున్నాయి. ఎవరో ఊరు మారుతూ ఇచ్చి వెళ్లారు. మాలలో మొత్తం 14 సంపుటాలు. మిగిలిన మూడూ కొనమని హైస్కూలు పిల్లలు అర్జీ పెట్టుకున్నారు. ఊరికే అడగలేదు. ఊరి లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివి, చివరి సంపుటం ‘ఎ మెమరీ ఆఫ్ లైట్’ మీద తమ అభిప్రాయాలు గోష్ఠిలో తెలుగులో చెబుతామన్నారు. తెలుగులో! మన పిల్లలు తమంతట తాము తెలుగులో మాట్లాడతామని అడగడం ఈ సమితిలో మేము చూడడం ఇదే మొదలు.

వాళ్లు మాట్లాడింది పావుగంట. పెద్దలు మాట్లాడింది గంటంబావు. ఒక పెద్దాయన, రచయిత పోయాక ఇంకొకడు రాసిన మూడు సంపుటాలూ అసలు లెక్కలోకి రావన్నారు. ఒక ఇంజనీరు మిత్రుడు ముగింపు బాగులేదన్నారు. మరొక పెద్దాయన, ఈ దయ్యాల మంత్రాల కథలు మన పిల్లలకెందుకు, భారతం చదివించండి అన్నారు. చివరికి ఉపసంఘం వారు, మూలరచయిత రాయని సంపుటాలు సమితి డబ్బుతో కొననవసరం లేదు, 11తో ఆపవచ్చు అని తీర్మానించారు. విందుకు పిలిచి, కూర, పప్పు, పులుసు వడ్డించి, పెరుగన్నం దగ్గర విస్తరి ఎత్తేయడం ఏ ఊరి మర్యాదో మాకు తెలియదు.

ముందు ఆ మూడు సంపుటాల పుట్టుక చూద్దాము. జోర్డన్ అసలు పేరు జేమ్స్ ఆలివర్ రిగ్నీ. దక్షిణ కెరొలైనాలోని చార్ల్‌స్టన్ మనిషి. వియత్నాం యుద్ధంలో పనిచేశాడు. తిరిగొచ్చి ఫిజిక్సు చదివి, నౌకాదళం వారి దగ్గర న్యూక్లియర్ ఇంజనీరుగా ఉన్నాడు. ఈ మాల మొదటి సంపుటం 1990లో వచ్చింది. 11వది 2005లో. మిగిలిన కథంతా ఇంకొక్క సంపుటంలో ముగించేస్తాననుకుంటూ ఉండగా రోగం బయటపడింది. గుండె కండరానికి పట్టిన ప్రైమరీ అమిలాయిడోసిస్ అని 2006 మార్చిలో తనే పాఠకులకు తెలియజేశాడు. మిన్నెసోటాలో మేయో క్లినిక్‌లో వైద్యం చేయించుకున్నాడు. 2007 సెప్టెంబరు 16న పోయాడు. అప్పటికి 58 ఏళ్లు.

ఈ రోగం గురించి మన వృత్తి కాని వారికి కాస్త చెప్పాలి. ఎందుకంటే గోష్ఠిలో ఒకరు ‘ముందే త్వరగా రాసేసి ఉండవలసింది’ అని తేలిగ్గా అనేశారు. ఎముక మజ్జలోని కొన్ని కణాలు అవసరం లేని ప్రోటీను ముక్కలు తయారుచేస్తాయి. అవి సరిగ్గా ముడుచుకోక, అతుక్కుని, దారాల్లాగా అవయవాల్లో పేరుకుంటాయి. గుండెలో పేరుకుంటే గోడలు బిరుసెక్కుతాయి. ఎకో తీస్తే గోడలు మందంగా కనిపిస్తాయి, బలమైన గుండె కాబోలనిపిస్తుంది. ఈసీజీలో చూస్తే గీతలు చిన్నబోయి ఉంటాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన డాక్టరుకు కాళ్ల కింద నేల కదులుతుంది. ఆ గుండె సంకోచించగలదు కాని, సాగి రక్తం నింపుకోలేదు. మంచం మీంచి కుర్చీకి నడిస్తే ఆయాసం. కాళ్లకు నీరు. దాని మీద కీమోథెరపీ నీరసం. ఈ జబ్బులోని ఈ రకానికి డారటుముమాబ్ అనే మందు ఈ దేశంలో ఆమోదం పొందింది 2021లో. 2006లో అది లేదు. అటువంటి మనిషి వేల పేజీల కథకు ముగింపు గుర్తుపెట్టుకుని, ఓపిక ఉన్న పూట కొన్ని దృశ్యాలు రాసి, రాయలేని పూట ఇంట్లోవాళ్లకు నోటితో చెప్పి పెట్టాడంటే, దాన్ని ఆలస్యం అనకూడదు.

ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆయన, తను పోతే ఇంకెవరూ తన కథను ముట్టుకోవద్దన్న ధోరణిలోనే మాట్లాడేవాడు. జబ్బు పడ్డాక మనసు మార్చుకున్నాడు. పాఠకులను మధ్యలో వదిలేయకూడదనుకున్నాడు. పెద్దాయనకు మా మొదటి ప్రశ్న ఇది: మూలరచయిత మాటకే విలువ ఇవ్వాలని కదా మీరనేది? మరి మూలరచయిత చివరి మాట ఇదే కదా?

ఆయన భార్య హ్యారియట్ మెక్‌డూగల్, మొదటి సంపుటం నుంచీ ఆయన పుస్తకాలకు ఎడిటరు. ఆమె వెతికి వెతికి బ్రాండన్ శాండర్సన్ అనే కుర్రవాణ్ణి ఎంచుకున్నారు. అప్పటికి అతనికి 31 ఏళ్లు, పుట్టింది 1975 చివర్లో. జోర్డన్ పోయినప్పుడు అతను రాసిన నివాళి ఆమె కంటబడింది. తరువాత అతని నవల ఒకటి చదివి చూసి, పని అప్పగించారు. ఒక సంపుటం అనుకున్నది మూడయింది. 2009లో 12వది, 2010లో 13వది, 2013 జనవరి 8న 14వది వచ్చాయి. ఎడిటింగు ఆమెదే. నోట్సు జోర్డన్‌వి. అన్నిటినీ మించి, చివరి సంపుటం ముగింపు అధ్యాయంలో చాలా భాగం జోర్డన్ తన చేత్తో రాసి పెట్టి వెళ్లినదే.

ఇక్కడ మన ఇంజనీరు మిత్రుడి దగ్గరకు రావాలి. (కథ చెప్పేస్తున్నామని కోప్పడకండి. 2013లో వచ్చిన పుస్తకమిది.) ఆఖరి ఘట్టంలో నాయకుడు రాండ్, శత్రువు శరీరంలోకి మారి, ప్రపంచమంతా తను చనిపోయాడనుకుంటుండగా, ఎవరికీ చెప్పకుండా గుర్రమెక్కి వెళ్లిపోతాడు. వెళుతూ పొగగొట్టం వెలిగించుకుంటాడు. అగ్గి లేదు, మంత్రశక్తి కూడా అప్పటికి అతనిలో లేదు. ఊరికే అనుకుంటాడు, అది అంటుకుంటుంది. ఎలా అంటుకుందో పుస్తకం చెప్పదు. మిత్రుడు గోష్ఠిలో ఏమన్నారంటే, ‘ఇదిగో, అరువు రచయిత ఇలాగే ఉంటాడు, జోర్డన్ అయితే ఇంత అజాగ్రత్తగా రాసేవాడా’ అని. అప్పుడు ఒక పదకొండో క్లాసు అమ్మాయి మెల్లగా లేచి, ‘అంకుల్, ఆ పైప్ సీను జోర్డన్ గారే రాశారండి, శాండర్సన్ గారు కాదు’ అంది. హాలులో నవ్వులు. మిత్రుడూ నవ్వేశారు, అది ఆయన మంచితనం. కాని ఉపసంఘం వారికి ఆ క్షణంలోనే అర్థం కావలసింది. ఎవరు రాశారన్నది ముందు పెట్టుకుని చదివితే, అసలువాడి అక్షరాన్ని కూడా నకలువాడిదని తిట్టిపోస్తాము.

ఇది మన హాలుకే పరిమితమైన జబ్బు కాదు. 2013 జనవరిలో ఈ పుస్తకం వెలువడిన రోజుల్లో అమెజాన్‌లో దీనికి ఒక్క నక్షత్రం ఇచ్చినవారు వందల్లో ఉన్నారు. కారణం పుస్తకం కాదు. గట్టి అట్ట పుస్తకం ముందు అమ్మి, ఈ-పుస్తకం ఏప్రిల్‌లో ఇస్తామన్నందుకు కోపం. పుస్తకం తెరవనేలేదు, తీర్పు ఇచ్చేశారు. ఆ పక్కనే, పుస్తకం తెరవకుండానే అయిదు నక్షత్రాలు ఇచ్చి వీళ్లను ఎదుర్కొన్న వీరాభిమానులూ ఉన్నారు. రెండు పక్షాల మధ్యా, పాపం, 900 పైచిలుకు పేజీలూ నిజంగా చదివినవాడి మాట వినిపించలేదు. మన గోష్ఠిలో మాట్లాడిన పెద్దల్లో చివరి సంపుటం పూర్తిగా చదివినవారు ఎందరని మేము ఆ తర్వాత ఫోను చేసి అడిగాము. అంకె ఇక్కడ వెయ్యము. చిన్న అంకె.

ఇక జోర్డన్ భక్తులకు ఒక జ్ఞాపకం. ఆయన బతికుండగా 2003లో 10వ సంపుటం వచ్చినప్పుడు పాఠకులు ఎంత తిట్టారో తెలియనివారు లేరు. కథ కదలదు, స్నానాలూ టీలూ దుస్తుల కుట్లూ తప్ప ఏమీ లేదు అని గోల. మేమూ తిట్టాము. మాలో ఒకరు ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మొదటి సంపుటం కొన్నారు, అట్ట లేదు. మిగిలినవి ఒక్కొక్కటీ వెతికి వెతికి కొని, ఎంసెట్ పుస్తకాల కింద దాచి చదివి, 10వదాని దగ్గర కళ్లనీళ్ల పర్యంతమైంది. అప్పుడు నసిగినవారే ఇప్పుడు, 10వ సంపుటం అసలైనది, 14వది కాదు అంటున్నారు. పోయినవాళ్లందరూ మంచివాళ్లే.

అంతమాత్రాన చివరి సంపుటంలో తప్పులు లేవని మేము అనడం లేదు. చాలా ఉన్నాయి. అవి పిల్లలే చెప్పారు, మనం వినలేదు. మొదటి సంపుటం నుంచీ వెంటాడిన పాడన్ ఫెయిన్ అనే దుర్మార్గుణ్ణి ఆఖరున రెండు మూడు పేజీల్లో ముగించేయడం అన్యాయం. అంత కాలం పెంచిన పాము ఇంతేనా అనిపిస్తుంది. మొయిరేన్ కోసం పాఠకుడు ఎన్ని సంపుటాలు ఎదురుచూశాడు! తీరా వచ్చాక ఆమెకు పని తక్కువ, మాట తక్కువ. ఆండ్రోల్ అనే కొత్త పాత్రకు మాత్రం దండిగా చోటు. మాట్ అనే పాత్ర 12వ సంపుటంలో వేళాకోళం ఆడే తీరు అతనిది కాదు. ఈ మాట శాండర్సన్ కూడా ఒప్పుకున్నాడు. వాక్యాలు జోర్డన్ వాక్యాల్లాగా సాగవు, పొడి పొడిగా పరుగెడతాయి. జోర్డన్‌ను అనుకరించబోనని శాండర్సన్ ముందే చెప్పాడు.

బాగున్నవి కూడా చెప్పాలి కదా. 37వ అధ్యాయం ఒక్కటే సుమారు 200 పేజీలు, ఒకే యుద్ధం. ఆ యుద్ధానికి ముందు నలుగురు మహాసేనాపతులు చిన్న చిన్న తప్పులు చేయడం మొదలుపెడతారు. ఒక దళం కాస్త ఆలస్యంగా కదలడం, ఒక కొండవైపు కాస్త ఎక్కువ మందిని పంపడం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే పొరపాటు, అన్నీ కలిపితే సర్వనాశనం. కలల్లో ఎవరో వాళ్ల మనసుల్లో చెయ్యి పెడుతున్నారు. వాళ్లకే తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లు ‘అంతటివాడు, ఆయనకు తెలియదా’ అని ఊరుకుంటారు. మతిమరుపు జబ్బు మొదలైన పెద్దవాళ్లను ఇంట్లోవాళ్లు తీసుకొచ్చినప్పుడు మేము వినే కథ అచ్చు ఇదే. అంత బాగా రాసినది మేము ఈమధ్య చదవలేదు. ఎగ్వేన్ చావు దగ్గర మా ఇంట్లో ఇద్దరమూ వేరు వేరు సంవత్సరాల్లో ఏడ్చాము. చివరికి రాండ్ చీకటి ప్రభువును చంపగలిగి కూడా చంపడు. చెడు చేసే వీలే లేని లోకంలో మనుషులు మనుషులుగా మిగలరని తెలుసుకుని, మళ్లీ బంధించి వదిలేస్తాడు. ఇది పిల్లల కథ అన్నవారు ఆ అధ్యాయం ఒక్కసారి చదివి మాట్లాడాలి.

అన్నిటికంటె మాకు ఆశ్చర్యం కలిగించింది భారతం చదివించమన్న పెద్దాయన మాట, అదీ ‘ఇంకొకడు ముగించినది లెక్కలోకి రాదు’ అన్న మాట పక్కనే. ఒకరి మాట ఒకరు బలపరుస్తూ తలలూపుకున్నారు కూడా. అయ్యా, ఏ భారతం?

మేము తెలుగు పండితులము కాము. మెడిసిన్ సీటు కోసం ఇంటర్మీడియట్‌లో మార్కులొస్తాయని తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్న బాపతు. (ఆ సంస్కృతం ఎంత వచ్చిందని అడక్కండి.) అయినా తాతగారి దగ్గర విన్నది, ఈ దేశం వచ్చాక సిగ్గుపడి చదువుకున్నది కొంత ఉంది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు ముగించాడు. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగిపోయింది. ఆగిపోయిన చోట శరత్కాలపు రాత్రుల వర్ణన. 13వ శతాబ్దంలో నెల్లూరి తిక్కన, ఆ అరణ్యపర్వాన్ని అలాగే వదిలి, విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాసి ముగించాడు. అరణ్యం ముట్టుకుంటే అరిష్టమని భయపడ్డాడంటారు. అది కథే కావచ్చు. తరువాత 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొలువు కవి ఎర్రన వచ్చి, నన్నయ రాత్రి దగ్గర ఆగితే, తెల్లవారడం దగ్గర అందుకున్నాడు. ఆ శేషాన్ని పూర్తిచేసి, తన రాజుకు కాక, మూడు వందల ఏళ్ల కిందటి రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. నన్నయ రాసి ఉంటే ఎవరి పేర ఉండేదో వారి పేరే.

మూడు శతాబ్దాలు, ముగ్గురు మనుషులు, ఒక గ్రంథం. నన్నయ నడక సంస్కృతపు నడక, తిక్కన నడక తెలుగు నుడి నడక. చెవి ఉన్న ఎవరికైనా తేడా తెలుస్తుంది. దాన్ని లోపమని ఎవరూ అనలేదు. ముగ్గురినీ కలిపి కవిత్రయమని దండం పెట్టాము. మన లెక్క ప్రకారం ఉపసంఘం వారు ఆనాడు ఉండి ఉంటే, రెండున్నర పర్వాలతో ఆపవచ్చు, మూలరచయిత రాయనిది కొననవసరం లేదు అని తీర్మానించి ఉండేవారు. ద్రౌపది అడవిలో ఉండిపోయేది. పోతన భాగవతం మాత్రం? అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ నారయ. ఆ భాగవతం మన మొదటి బీరువా పై అరలో ఉంది, ఎర్ర క్యాలికో అట్ట, చూడండి.

ఇంగ్లీషువారి ఫ్యాంటసీ పుస్తకానికీ భారతానికీ పోలికేమిటని మీరనవచ్చు. పుస్తకాలను పోల్చడం లేదు. పోల్చుతున్నది మన ప్రవర్తనను. మనకు బాగా తెలిసిన విషయంలో మనం ఉదారంగా ఉన్నాము, తెలియని విషయంలో కఠినంగా ఉన్నాము. అన్నట్టు, ఆ నవలామాల పేరే కాలచక్రం. యుగాలు తిరిగి తిరిగి వస్తాయి, వీరుడు మళ్లీ మళ్లీ పుడతాడు. మన పిల్లలకు ఆ పుస్తకం ఎక్కడో తెలిసినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

మా వృత్తిలో ఇది రోజూ జరిగే పని. ఉదయం ఏడు గంటలకు రాత్రి డాక్టరు వెళ్లిపోతాడు, పగటి డాక్టరు అందుకుంటాడు. రోగి మాత్రం మంచం మీద అలాగే ఉంటాడు. రెసిడెన్సీ రోజుల్లో ఒక పెద్ద డాక్టరు హఠాత్తుగా పోతే ఆయన రోగులను మాకు పంచారు. ఒక వృద్ధురాలు ఆరు నెలలపాటు మా మొహం చూడకుండా గోడ చూస్తూ మాట్లాడింది. ‘ఆయనైతే ఇలా చేసేవాడు కాదు’ అనేది. ఆయన ఫైలు తీసి చూస్తే ప్రతి పేజీలోనూ ఎందుకు ఏ మందు ఇచ్చాడో, తరువాత ఏం చేయదలిచాడో రాసి పెట్టి ఉంది. మేము చేసింది ఆయన చేయదలిచినదే. ఆమెకు ఒకరోజు ఆ పేజీ తిప్పి చూపించాము. చదివి, ఏమీ అనలేదు. ఆ తరువాత మందులు వేసుకుంది. మా రాత ఆయన రాతంత ముత్యాల్లా లేదు. నిజమే. అందుకని వైద్యం ఆపేయాలా?

ఆమె బాధ మాకు తెలుసు. పెద్దాయన బాధ కూడా తెలుసు. ఆయన జోర్డన్ పుస్తకాలు మొదటి సంపుటం వచ్చిన రోజుల్లోనే, కొత్తగా ఈ దేశం వచ్చి, ఒంటరిగా అపార్ట్‌మెంట్‌లో ఉండి చదివారట. 17 ఏళ్లు ఎదురుచూశాక రచయిత పోయాడు. ఆ గొంతు మళ్లీ వినబడదు. అది నష్టమే. ఆయన చివరి మూడూ చదవనంటే మేము కాదనము. అది ఆయన దుఃఖం, ఆయన ఇష్టం. కాని ఒకరి దుఃఖాన్ని తీర్మానంగా రాసి, అందరి బీరువాకూ తాళం వేయడం మాత్రం కుదరదు.

అసంపూర్తిగా ఉంటేనే గౌరవం అన్నవారికి ఇంకొక మాట. ఇదే కథను టీవీ వారు 2021లో మొదలుపెట్టి, మూడు సీజన్లు తీసి, 2025లో మధ్యలో ఆపేశారు. అప్పుడు మీ పిల్లల మొహాలు చూశారా? మార్టిన్ గారి సింహాసనాల కథ అయిదో సంపుటం 2011లో వచ్చింది. ఆరోదాని కంటె ముందే 2019లో టీవీలో ముగింపు వచ్చేసింది, దాన్ని తిట్టనివారు లేరు. ముగించకపోవడం గొప్ప అనుకునే అవకాశం, ముగింపు చేతికి అందినవారికే ఉంటుంది.

ఇక ఆ పదకొండో క్లాసు అమ్మాయి గురించి. ఆమె మాట్లాడింది ఎనిమిది నిమిషాలు. అందులో మూడుసార్లు మనవాళ్లు ఆపి ఉచ్చారణ దిద్దారు. ‘ళ’ పలకలేదని ఒకసారి, ‘చచ్చిపోయారు’ అనకూడదు ‘మరణించారు’ అనాలని ఒకసారి. మూడోసారి ఎందుకో మాకు అర్థం కాలేదు. ఆమె తడబడి, చివర చెప్పదలచుకున్న ముక్క ఇంగ్లీషులో చెప్పేసి కూర్చుంది. ఆ ఇంగ్లీషు ముక్క ఏమిటంటే, మొదలుపెట్టినవాడిలా రాయలేనని తెలిసి కూడా శాండర్సన్ ఒప్పుకోవడం తనకు నచ్చిందని. ఆమె తెలుగు మన తెలుగులా ఉండదు. ఇక్కడ పుట్టి, ఇంట్లో విన్న తెలుగు, అమ్మమ్మతో ఫోనులో మాట్లాడిన తెలుగు. మనం బెజవాడలోనో, వరంగల్లులోనో, కర్నూలులోనో మొదలుపెట్టి ఇక్కడిదాకా తెచ్చి ఆపినది, ఇక అందుకోవలసింది ఆ గొంతులే. వేరే గొంతులు రావడం లేదు. దిద్దవద్దని మేము అనము. మధ్యలో ఆపి దిద్దవద్దంటాము.

ఆ తరువాత ఆ అమ్మాయి తల్లి మాకు చెప్పింది, వచ్చే గోష్ఠికి రానని మొరాయిస్తోందని. ఉపసంఘం వారు ఈ సంగతి కూడా తీర్మానంలో రాసుకుంటే బాగుండును.

కొనడానికి సమితి డబ్బు లేదంటే మేము వాదించము. మా ఇంట్లో ఉన్న 12, 13, 14 సంపుటాలు వచ్చే ఆదివారం తెచ్చి రెండో బీరువాలో, 11వదాని పక్కనే పెడుతున్నాము. అక్కరలేదనుకుంటే తీసేయడానికి ఉపసంఘం వారు మళ్లీ కూర్చుని తీర్మానం చేయాలి. చేసేముందు చదవాలని మా మనవి. 14వదానికి అట్ట మూల నలిగింది. 37వ అధ్యాయంలో రెసిడెన్సీ నాటి కాఫీ మరక ఒకటుంది, అక్షరాలు మాత్రం కనిపిస్తాయి.